మైకు పెట్టకముందు వినబడ్డ సారంగి

నా ఫోన్‌లోని పాటల యాప్‌కు ఆయన పోయిన సంగతి ఇంకా తెలియదు. ఈ రోజు పొద్దున నిజామాబాద్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గదా, ఏదో ఒక సినిమా పాట పెట్టుకుందామని తెరిస్తే, "మీ కోసం" అంటూ వరసగా సారంగి రికార్డులే చూపించింది. నాలుగేళ్ల కింద సారంగి అంటే ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఖాతా నా పేరు మీదే ఉంది గాని, దాన్ని వాడింది మా ఇంటి ఓనరు. ఆయనకు ఈ-మెయిల్ లేదు, పాస్‌వర్డు గుర్తుండదు, ఇంగ్లీషు చదవరాదు. అందుకే అన్నీ నా పేరు మీద నడిచాయి. మొన్న మాఘంలో ఆయన పోయాడు. యాప్ మాత్రం ఇంకా ఆయన కోసం కొత్తవి వెతికి పెడుతూనే ఉంది. సెట్టింగుల్లోకి పోయి ఆపేయవచ్చు, ఎట్లా ఆపాలో కూడా తెలుసు. నాకు చేతులు రాలేదు.

బోధన్‌లో మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి దగ్గరి వాడలో వాళ్ల ఇంటి ముందు గదుల్లో నేను అద్దెకుంటాను. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఓనరును కాకా అని, ఆయన భార్యను చిన్నమ్మా అని పిలవడం అలవాటయింది. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. వాడ మొత్తానికి ఆయన మైకు సెట్టు కాక. వయసులో ఉన్నప్పుడు కొమ్ము మైకులు, తర్వాత పెద్ద పెద్ద బాక్సులు, చివరికి డీసీఎం వ్యాను మీద డీజే. బోధన్ చుట్టుపక్కలే కాదు, బాల్కొండ, ముప్కాల్, పోచంపాడ్ దాకా పెండ్లంటే ఆయన వ్యానే పోయేది.

పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. జనం జేబులో పెన్ను పెట్టుకున్నట్టు ఆయన టెస్టర్ పెట్టుకునేవాడు. ఎవరింటికి పోయినా మనుషులకంటే ముందు స్విచ్చుబోర్డును పలకరించేవాడు. చేతికి ఏ తాడు దొరికినా, అది బట్టలారేసే తాడైనా సరే, అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టలు చుడుతూ మాట్లాడేవాడు. ఒకసారి చిన్నమ్మ ఆరేసిన చీరను కూడా అట్లాగే చుట్టబోయి తిట్లు తిన్నాడు. ఎవరైనా మాట్లాడితే తల కొంచెం పక్కకు తిప్పి వినేవాడు. అది ఆయన మర్యాద అనుకునేవాళ్లం. చాలా శ్రద్ధగా వింటున్నట్టు ఉండేది, చెప్పేవాళ్లకు సంతోషంగా కూడా ఉండేది.

ఏది చెడిపోయినా ఆయన దగ్గర ఒక్కటే మందు. "వైరు మార్చి సూడు." రెండు బాక్సుల్లో ఒకటి పలకకపోతే కుడి వైరును ఎడమకు, ఎడమ వైరును కుడికి మార్చాలి. తప్పు వైరుతో పాటు అటు పోతే వైరులో ఉన్నట్టు. తప్పు అక్కడే కూర్చుంటే బాక్సులో ఉన్నట్టు. నా క్లాసులో ఒక పిల్లవాడికి చదువు ఎక్కడం లేదని నేను మొత్తుకుంటే దానికీ అదే చెప్పాడు.

"జాగ మార్చి కూసోబెట్టు బిడ్డా. గక్కడ గూడ గట్లనే ఉంటే పోరనిల ఉన్నట్టు. మంచిగ చదివిండనుకో, తప్పు వాని పక్కపొంటి కూసున్నోనిల ఉన్నట్టు."

ఇట్లాంటి మనిషికి ఒక కోరిక ఉంది. దాన్ని నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ ఒకే రకంగా, అవే చోట్ల ఆగుతూ చెప్పేవాడు.

ఆయన కొత్తగా మైకు సెట్టు పెట్టిన రోజుల్లో ఒక దర్గా ఉర్సుకు కవాలీ పాడేవాళ్లు వచ్చారట. మహారాష్ట్ర వైపు నుంచి వాళ్లతో పాటు ఒక ముసలాయన సారంగి తెచ్చాడు. జనం ఇంకా రాలేదు. కాక మైకు స్టాండు నిలబెడుతూ ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముసలాయన తీగలు సవరించుకుంటూ, వాటి మీద రుద్ది వాయించే కమానును ఒకసారి అట్లా లాగాడు.

"మనిషి ఏడిస్తే గొంతుల ఎట్ల కదుల్తదో గట్ల కదిలింది బిడ్డా. తీగ మీద గోరు రాసుకునేది సుత ఇనబడ్డది. నేను స్టాండు పట్టుకొని గట్లనే కూసున్న." ఇక్కడ ఆగేవాడు. "ఇగ ప్రోగ్రాం సురువైంది. నేను మైకు ఆన్ చేసిన. చేస్తనే గా ఆవాజ్ సచ్చిపోయింది. కందిరీగ లెక్క జుయ్యిమన్నది. గా ముసలాయన నా దిక్కు సూశి, బేటా, ఇది లేకుంట నడ్వదా, అని అడిగిండు. ఎనకున్నోళ్లకు ఇనబడది సాబ్ అన్న. మరి నా పని గదే గదా."

ఆ తర్వాత నలభై ఏళ్లకు దగ్గర దగ్గరగా ఆయన వెనక ఉన్నవాళ్ల కోసమే బతికాడు. డీజేలు వచ్చాక వాళ్లకు వినబడడం కూడా కాదు, గుండెలు అదరాలి. వ్యానులో బాక్సులన్నీ పేర్చాక మిగిలే మూరెడు జాగాలో, బాక్సులకు ఎడమ భుజం ఆనించి, ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టుకొని కూర్చునేవాడు. అట్లా కూర్చొనే తిరిగాడు. ఇక ఒంట్లో సత్తువ తగ్గిందని సెట్టంతా ముప్కాల్ వాళ్లకు అమ్మేసిన రోజున, సాయంత్రం నా తలుపు కొట్టాడు.

"బిడ్డా, గిప్పుడు నెట్‌ల పాటలు స్టూడియోల ఎట్ల ఉన్నయో గట్లనే వస్తయంట గదా. హై రిజల్యూషన్ అంటున్నరు. గది ఇంట్ల పెట్టుకోవాలంటే ఏమేం గావాలె? జర సదివి చెప్పు."

ఆయన అడిగింది అంతే. ఆ ముసలాయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు విన్నది, మైకు లేకుండా, ఇంట్లో కూర్చొని మళ్లీ వినాలి. ఈ వయసులో ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నేను చూడలేదు. దైవదర్శనాలకు పోదామని చిన్నమ్మ అంటే ఆమెను ఆడవాళ్ల గుంపుతో పంపి తాను ఇంట్లో ఉండిపోయేవాడు.

నేను చదివాను. నాకు సంగీతం మీద ఇష్టమూ లేదు, ఓపికా లేదు. అయినా బడి నుంచి వచ్చి టీ తాగుతూ ఆయనకు రివ్యూలు చదివి తెలుగులో చెప్పడం దినచర్య అయింది. బ్లూటూత్‌లో పోతే పాటను నలిపి పంపుతుందని, ఫోన్ తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుందని, అందుకే నెట్ నుంచి పాటను ఉన్నదున్నట్టు దించే పెట్టె ఒకటి కావాలని, దాని అంకెల్ని ధ్వనిగా మార్చే డ్యాక్ అనే పెట్టె ఇంకొకటి కావాలని ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. రివ్యూలు రాసేవాళ్ల భాష చదివితే నాకు ఒళ్లు మండేది. వాద్యాల మధ్య గాలి ఆడుతోందట, వెనక అంతా నల్లని మఖమలులాగా ఉందట.

"ఏం రాస్తారో ఏమో కాకా, చీరల దుకాణంలో చెప్పినట్టు" అనేదాన్ని.

"నువ్వు చదువు బిడ్డా, నాకు సమజైతున్నది" అని తల పక్కకు తిప్పి కూర్చునేవాడు.

సమజ్ కాని సంగతులూ ఉన్నాయి. మైకు సెట్టు వాళ్లకు ఒక నమ్మకం ఉంది. ఆంప్లిఫయర్‌ను ఎత్తి చూస్తే నడుము పట్టాలి, అప్పుడే అందులో అసలు సరుకు ఉన్నట్టు. అందరూ మెచ్చుకున్న ఒక డ్యాక్ సబ్బుబిళ్లంత ఉంటుందని తెలిసి ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాతో హైదరాబాద్ దుకాణానికి ఫోన్ చేయించి ప్రతిదానికీ బరువు అడిగించాడు. ఆ దుకాణం అబ్బాయి కొరియర్ ఖర్చు కోసం అనుకొని, "మేడమ్, పంపే బాధ్యత మాది, మీరు మోసేదేం లేదు" అన్నాడు. మొత్తానికి ఇటుకంత బరువున్న డ్యాక్ ఒకటి దొరికేదాకా నాకు విడుదల లేదు.

స్పీకర్లు వద్దన్నాడు. వరండాలో చిన్నమ్మా పక్కింటి ఆడవాళ్లూ చాటలు ముందేసుకొని బీడీలు చుడుతూ టీవీ చూస్తారు. పక్క గోడ ఇంకొకరిది. పైగా, "గదిల బాక్సులు పెడితే అది మల్ల మైకు సెట్టే బిడ్డా" అన్నాడు. మంచి హెడ్‌ఫోన్స్ తీసుకుందామన్నాడు. పందిట్లో కుడీ ఎడమా అని ఉండదు, రెండూ కలిపి ఒకటే ధ్వని రెండు బాక్సుల్లోకి పంపుతారు. ఏ మూల కూర్చున్నవాడికైనా పాట మొత్తం అందాలి గదా. ఇంట్లో మాత్రం దేని జాగాలో అది ఉండాలని ఆయన పట్టు. "దేవుడు రెండు చెవులు ఊకెనే ఇచ్చిండా?" అనేవాడు.

సామాను వచ్చిన రోజు ఆయన గడ్డం గీయించుకొని తెల్ల అంగీ వేసుకున్నాడు. చిన్నమ్మ పెట్టెకు బొట్టు పెట్టబోతే తడి తగులుతుందని అడ్డం పడ్డాడు. డ్యాక్ ముందు ఒక చిన్న లైటు ఉంది. మామూలు పాటకు నీలంగా, హై రిజల్యూషన్ పాటకు తెల్లగా వెలుగుతుంది. నేను సారంగి వెతికి పెట్టాను, లైటు తెల్లబడింది. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం ఆయన మొహం చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి కళ్లు తెరిచి, "మంచిగనే ఉన్నది. గని ఏదో రాలేదు బిడ్డా" అన్నాడు.

ఆ రానిదాని కోసం మొదలైంది వెతుకులాట. వైఫై సరిగా లేదన్నాడు, నా గది నుంచి గోడ వెంబడి వైరు లాగాడు. ఆ యాప్‌లో పాటలు నకిలీవన్నాడు, ఇంకో యాప్‌కు మారాం. ఇంటి కరెంటు సాఫ్‌గా లేదన్నాడు. పందిళ్లు వేసేటప్పుడు చేసినట్టే వాకిట్లో గుంత తవ్వి, ఉప్పూ బొగ్గులూ పోసి, రాగి తీగ దింపి కొత్తగా ఎర్తింగ్ చేశాడు. రోజూ పొద్దున దానికి బిందెడు నీళ్లు పోసేవాడు. చిన్నమ్మ తులసికోటకు ఎన్ని పోసేదో అన్ని. లైటు తెల్లగానే వెలుగుతోంది, ఏదో రావడం లేదు. "కమాను ఇనబడ్తున్నది, తంబుర ఇనబడతలేదు. ఎనక సన్నగ ఏదో ఉన్నది, అందుతలేదు" అనేవాడు. చివరికి డ్యాక్ మార్చుదామా అని అడిగినప్పుడు నాకు నిజంగానే విసుగొచ్చింది.

"ఏదో ఒకటి తేల్చుకో కాకా. తప్పు దేంట్లో ఉందో చూడకుండా ఎన్ని మారుస్తావు?" అన్నాను.

అది ఒక ఆదివారం మధ్యాహ్నం. చెరుకు సీజను. వీధిలోంచి వేరే ఊరి ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టర్లు పాటలు పెట్టుకొని పోతున్నాయి. నేను ఆయన ఎదురుగా కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆయన నా మాటకు తల ఊపి, హెడ్‌ఫోన్స్ తీసి, తిప్పి పెట్టుకున్నాడు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. అంతకంటే తేలికైన పరీక్ష లేదు. ఇంతకాలం ఎందుకు చేయలేదో నాకు తెలియదు. బహుశా చేయాలని అనిపించలేదేమో.

పెట్టుకోగానే మొహం వెలిగింది. "తంబుర వచ్చింది బిడ్డా!" అన్నాడు. నేను కూడా సంతోషపడి పెన్ను కింద పెట్టాను. అంతలోనే ఆయన ముఖం మెల్లగా మారిపోయింది. "కమాను పోయింది" అన్నాడు.

మళ్లీ తిప్పాడు. కమాను వచ్చింది, తంబుర పోయింది. మళ్లీ తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. వైరు మారింది, ధ్వని మారింది, తప్పు మాత్రం ఎడమ పక్కనే కూర్చుంది. జీవితమంతా ఎన్ని బాక్సుల్ని అట్లా పట్టుకున్నాడో, తన చెవినీ అట్లాగే పట్టుకున్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకొని, ఎడమ చెవి మీద అరచెయ్యి మూసి, తెరిచి, మళ్లీ మూసి చూసుకున్నాడు. బయట ట్రాక్టరు దమ్ము దమ్మంటూ పోయింది. "గది ఇనబడ్తున్నది" అన్నాడు, నాకు కాదు, తనకే. "మోటుది ఇనబడ్తున్నది. సన్నది పోయింది."

ఫోన్‌లో కుడీ ఎడమా కలిపేసే సౌకర్యం ఉంటుందని నాకు గుర్తొచ్చి వెతికి పెట్టాను. అన్నీ కుడి చెవిలోకే వస్తాయి గదా అనుకున్నాను. ఆయన కాసేపు విని తీసేశాడు. "పందిరి బిడ్డా ఇది" అన్నాడు.

నిజామాబాద్‌లో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి కూతలు వినిపించారు, వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయట నుంచి చూస్తున్నాను. చాలాసేపు ఆయన బొటనవేలు కదలలేదు. ఏ చెవికి ఎంత వినబడిందో గీత గీసి చూపించారు. ఎడమది నిలువునా కిందికి దిగింది. కుడి చెవి కాస్త నయం, అంతే. అది కూడా సన్నటి ధ్వనుల దగ్గరికి వచ్చేసరికి జారిపోయింది. పోయినవి తిరిగి రావని, మాట వినడానికి మిషన్ పెట్టుకోవచ్చని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. మంచి మనిషి.

కాక మా అలవాటు ప్రకారమే అడిగాడు. "గా మిషన్‌ల ఎందాక ఇనబడతది సార్? హై రిజల్యూషన్‌ది ఉంటదా?"

"సంగీతానికి కాదు పెద్దాయనా. మాటలకు బాగా పని చేస్తుంది."

"మాటలు ఎవరికి గావాలె సార్" అన్నాడు కాక.

తిరుగు బస్సెక్కాం. నాకు ఎవరి మీదనైనా కోపం తెచ్చుకోవాలని ఉండింది. ఎవరున్నారు? పెండ్లి చేసుకున్నవాళ్లా, వెనక వరసలో కూర్చున్నవాళ్లా? తన అన్నం తాను సంపాదించుకున్నాడు, ఆ అన్నమే చెవిని తినేసింది. తీరా తీరిక దొరికి, మనసుపడ్డది చేతికొచ్చే కాలం వచ్చేసరికి వినే జాగా లేదు. దేవుడు ఉన్నాడనుకుంటే తిట్టడానికైనా పనికొస్తాడు, నాకు ఆ నమ్మకం కూడా లేదు.

ఆ తర్వాత ఆయన వాకిట్లో గుంతకు నీళ్లు పోయడం మానేశాడు. పెట్టెల మీద చిన్నమ్మ తువ్వాల కప్పింది. వాడలో పిల్లలు టీవీ రిమోటు చెడిపోయిందని తెస్తే చేసి ఇచ్చేవాడు గాని, ఎవరు పిలిచినా తల పక్కకు తిప్పడం లేదు. ఇప్పుడు దాని అర్థం తనకు తెలుసు గదా.

వానలు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచాడు. తువ్వాల తీసి ఉంది, లైటు తెల్లగా వెలుగుతోంది. హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చాడు.

"నువ్వు ఇని చెప్పు బిడ్డా. ఇన్నొద్దులు నువ్వే గదా ఎంచినవు."

పెట్టుకున్నాను. ముందు ఏమీ లేదు, గది ఒకటి ఉన్నట్టు మాత్రం తెలిసింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. చాప మీద జరిగి కూర్చున్నారు. ఎడమ పక్క తంబుర మొదలైంది. తర్వాత కమాను కదిలింది. నాకు సంగీతం తెలియదు, సారంగి తెలియదు. అయినా తీగ మీద గోరు రాసుకోవడం విన్నాను. ఎవరో నా పక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గర కూర్చొని, నోరు తెరవకుండా ఏడుస్తున్నట్టుంది. ఆయన ఇన్నేళ్లూ చెప్పింది ఇదే. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. అది ఈ పెట్టెలో మొదటి రోజు నుంచీ ఉంది.

"ఎట్లున్నది?" అని అడుగుతున్నాడు.

అందులో ఏమీ లేదని చెబితే, తాను పోగొట్టుకున్నదేమీ లేదని ఊరట పడతాడేమో అనిపించింది. "ఏముంది కాకా, ఫోన్‌లో వచ్చినట్టే ఉంది. ఊరికే పెద్దగా రాస్తారు వాళ్లు" అన్నాను.

ఆయన నా మాట వినడం లేదు, నా ముఖం చూస్తున్నాడు. మైకు సెట్టు వాళ్లు ధ్వని ఎందాక పోయిందో ఎవర్నీ అడగరట. లేచి నిలబడి చివరి వరసలో కూర్చున్నవాళ్ల ముఖాలు చూస్తారట. ఆ సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

"ఎన్ని పందిళ్లల్ల సూశిన బిడ్డా గీ మొఖం. నా ముంగట దాస్తవా?" అన్నాడు. తర్వాత చిన్నగా, "దగ్గర కూసున్నట్టు ఉన్నదా?" అని అడిగాడు.

తల ఊపాను. ఏడుపు ఆగలేదు.

"అయితే మంచిదే తెచ్చినం" అన్నాడు.

నేను హెడ్‌ఫోన్స్ తీయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "తియ్యకు. అయిపోయేదాంక ఇను."

విన్నాను. అంత అందమైన దాన్ని అంత నరకంగా ఎవరూ విని ఉండరు. ఆయన నా ఎదురుగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, అది అయిపోయేదాకా నా ముఖం మీంచి చూపు తిప్పలేదు.